దురద ఒకటే, జబ్బులు మూడు

మన ఇండ్లలో మగ్గము ప్రక్కన గోడకు ఒక గూడు ఉండును. దీపము, అగ్గిపెట్టె, విరిగిన నాడె, పాత చీటీలు దానిలో పెట్టుట పెద్దలనాటి అలవాటు. ఇప్పుడు ఆ గూటిలో మరొక వస్తువు చేరినది. అది సగము పిండి, మూత పోగొట్టుకొన్న మలాము ట్యూబు. ఇంటిలో ఎవరికి దురద పుట్టినను చేయి ఆ గూటికే పోవును. షోలాపురములో గాని, భివండిలో గాని, కంచిలో గాని, బరంపురములో గాని బంధువుల ఇండ్లకు పోయినపుడు నేను చూచినది ఇదే. ఈ నాలుగు మాటలు ఆ ట్యూబును గూర్చి వ్రాయుచున్నాను.

నేను వైద్యుడను కాను. మగ్గము మీద పుట్టి పెరిగి, తరువాత ప్రభుత్వ దవాఖానలో ముప్పది యేండ్లు మందులిచ్చు పని చేసి విశ్రాంతి తీసికొన్నవాడను. అటువంటివాని ఇంటిలోనే ఈ తప్పు జరిగినది. కావున ముందుగా మా ఇంటి సంగతియే చెప్పెదను.

2019 చలికాలములో మా తమ్మునికి చేతులు పగిలినవి. వాడు అద్దకపు పనివాడు. వ్రేళ్ళ మధ్యను, మణికట్టుమీదను చర్మము గరుకై, చీలి, రాత్రిపూట నిద్ర పట్టనంత దురద. మందుల దుకాణమువాడు ఒక ట్యూబు ఇచ్చినాడు. రెండు రోజులలో దురద పోయినది. "అన్నా, గీ ట్యూబు మంచిగ పని చేస్తున్నది, ఉంచుకోరి" అని దానిని తెచ్చి గూటిలో పెట్టినాడు. మరదలు బీడీలు చుట్టును. ఆమెకు నడుము దగ్గర, లంగా నాడా బిగించు చోట, గుండ్రని మచ్చ లేచినది. ఆమెయు అదే పూసినది. హాస్టలునుండి సెలవులకు వచ్చిన పెద్ద పిల్లవాడు ఒళ్ళంతా గోకుకొనుచు వచ్చినాడు. వానికిని అదే. రెండేండ్ల మనుమనికి మోచేతుల మడతలలోను, మోకాళ్ళ వెనుకను ఎర్రగా కమిలినట్లుండెను. మా కోడలు వానికి మూడు నెలలు అదే పూసినది. నేను అదే ఇంటిలో కూర్చుండి పత్రిక చదువుకొనుచుంటిని.

మూడు నెలలైన పిమ్మట లెక్క చూచుకొంటిమి. తమ్మునికి ట్యూబు ఉన్నన్నాళ్ళు బాగుండి, ఆపిన నాల్గవ నాటికి మరల వచ్చినది. మరదలి మచ్చ తొడలకు, వీపునకు ప్రాకినది. పెద్దవాని దురద ఇంటిలో మరి ముగ్గురికి అంటుకొన్నది. చిన్నవాని మోచేతి మడతలో చర్మము పలుచబడి, క్రింది నరములు నీలముగా కనబడసాగినవి. ఒక్క ట్యూబు, నలుగురు మనుష్యులు, మూడు జబ్బులు. నలుగురిలో ఇద్దరికి అది మందే కాదు. మిగిలిన ఇద్దరికి మందే గాని, పూయవలసిన తీరున పూయలేదు.

ఆ మూడు జబ్బుల పేర్లు ఎగ్జిమా, తామర, గజ్జి. మన వాడుకలో ఈ పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. దురదపెట్టు ప్రతిదానిని కొందరు గజ్జి అందురు, కొందరు తామర అందురు. పరాయి భాషల నడుమ బ్రతుకుచున్న మనకు ఈ చిక్కు రెండింతలు. షోలాపురములో మనవాడు దవాఖానకు పోయి "గజ్జి" అన్నచో, మరాఠీ వైద్యునికి "గజకర్ణ" అని వినబడవచ్చును. మరాఠీలో గజకర్ణ అనగా తామర. మన గజ్జిని వారు ఖరూజ్ అందురు. ఎగ్జిమాను ఇసబ్ అందురు. కన్నడములో ఎగ్జిమా ఇసుబు, గజ్జి కజ్జి, తామర హుళుకడ్డి. తమిళమున తామరను పడర్‌తామరై అందురు గనుక అక్కడ తిప్పలు తక్కువ. గజ్జికి సిరంగు, ఎగ్జిమాకు కరప్పాన్ అను మాటలున్నవి. ఒడిశాలో తామర జాదు, గజ్జి కాఛు. యానామువారికి ఈ బాధ లేదు, అక్కడ వైద్యునికిని తెలుగే. ఏ ఊరిలోనైనను ఉత్తమమైన ఉపాయము ఒకటున్నది. పేరు చెప్పక, చోటు చూపి, ఎప్పుడు ఎక్కువగునో, ఇంటిలో ఇంకెవరికున్నదో చెప్పవలెను. పేరు పెట్టుట వైద్యుని పని.

అయినను గుర్తులు మనకు తెలిసియుండుట మంచిది. గజ్జి ఒక పురుగు వలన వచ్చును. అది సుమారు 0.4 మిల్లీమీటరు ఉండి చర్మములో సొరంగము చేసి గుడ్లు పెట్టును. వ్రేళ్ళ సందులు, మణికట్లు, నడుము, చంకలు, మర్మస్థానములు దాని నివాసము. చంటిపిల్లలకైతే అరచేతులలోను అరికాళ్ళలోను కూడ లేచును. రాత్రి పక్కమీద దురద హెచ్చును. ఇంటిలో ఒకరికి మించి గోకుకొనుచున్నచో ముందుగా దీనినే అనుమానింపవలెను. మొదటిసారి అంటుకొన్నవానికి నాలుగు నుండి ఆరు వారముల వరకు దురద పుట్టక పోవచ్చును. కనుకనే "నాకు లేదు" అన్నవాని వలననే ఇంటిలో మరల ప్రారంభమగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యమునకు గురియైన వ్యాధుల పట్టికలో చేర్చినది. మందు 5 శాతము పెర్మెత్రిన్ మలాము. దురద ఉన్నవారు, లేనివారు, ఇంటిల్లిపాది ఒకే రాత్రి మెడనుండి అరికాళ్ళ వరకు, గోళ్ళ క్రింద సహా పూసికొని ఉదయము కడిగికొనవలెను. వారమునకు మరల ఒకసారి. రెండు నెలలు నిండని శిశువులకు, గర్భిణులకు వైద్యుని అడిగియే పూయవలెను. పక్కబట్టలు వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను, ఉతకలేనివి మూటగట్టి నాలుగు రోజులు విడిగా ఉంచిన చాలును. పురుగు చచ్చిన పిమ్మట కూడ రెండు మూడు వారములు దురద ఉండును. అది చూచి రోజూ మందు పూయువారు చర్మము చెడగొట్టుకొందురు.

తామర బూజు జాతి వలన వచ్చును. అంచు ఎత్తుగా, పొట్టు రేగుచు, నడుమ కొంత తేరినట్లుండి గుండ్రముగా పెరుగును. చెమట నిలుచు చోట్లు దానికి ఇష్టము. యానాము, బరంపురము వంటి సముద్రపు గాలి ఊళ్ళలోను, పవర్‌లూము షెడ్ల ఉక్కలోను ఎక్కువ. దీనికి బూజును చంపు మందు వారములకొలది పూయవలెను. మచ్చ పోయినట్లు కనబడిన తరువాత కూడ రెండు వారములు మానరాదు. కొన్ని సంవత్సరములుగా మన దేశములో మొండి తామర ఒకటి వ్యాపించినది. దానిలో చాలవరకు మామూలు మందులకు లొంగదు. 2020లో శాస్త్రజ్ఞులు ఆ బూజునకు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని మన దేశము పేరుమీదుగానే పేరు పెట్టినారు. గౌరవముగా భావింపదగినది కాదు. గూటిలోని ట్యూబుల వంటివి దాని వ్యాప్తికి తోడ్పడినవని చర్మవైద్యులు చెప్పుచున్నారు.

ఆ ట్యూబులో ఏమున్నది? సాధారణముగా మూడు మందుల కలగలుపు. బూజుకొకటి, సూక్ష్మజీవులకొకటి, వాటితో పాటు గట్టి స్టెరాయిడు. దురద తగ్గించునది ఆ స్టెరాయిడే. తామరమీద పూసినపుడు ఎరుపు, దురద అణగును, బూజు మాత్రము లోలోపల హాయిగా పెరుగును. పైకి గుర్తులు చెడిపోవుటచే వైద్యుడు చూచినను పోల్చుకొనుట కష్టమగును. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడు మలాములను షెడ్యూలు హెచ్‌లో చేర్చి, వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదన్నది. చట్టమున్నది, అమ్మకమును ఉన్నది. ఇరువది రూపాయలు, ముప్పది రూపాయలు పెట్టి కొనుక్కొనువానికి చట్టము ఎవరు చెప్పవలెను? ట్యూబుమీద ఎర్రగీత చూచినపుడైనా మనము ఆగవలెను.

ఇక ఎగ్జిమా. మన వృత్తితో మిక్కిలి సంబంధమున్నది ఇదియే గనుక దీనిని గూర్చి ఎక్కువ చెప్పవలసియున్నది.

గంజి పెట్టని పడుగును మగ్గమెక్కించిన నేమగునో మనలో చిన్నపిల్లవానికిని తెలియును. అచ్చు రాపిడికి పోగు లేచి, పురి విడి, తెగును. చర్మమునకును పైన ఒక గంజి ఉన్నది. కణములకు కణములకు నడుమ కొవ్వు నిండి, లోపలి తేమ బయటికి పోకుండ, బయటి మురికి లోపలికి రాకుండ కాచును. ఎగ్జిమా ఉన్నవారికి ఆ గంజి పలుచన. తేమ పోవును, చర్మము ఎండును, దురద పుట్టును, గోకిన కొలది మరింత చిరుగును, చిరిగిన కొలది దురద హెచ్చును. కొందరికిది పుట్టుకతోనే వచ్చును. చర్మపు పై పొరను గట్టిపరచు ఫిలాగ్రిన్ అను పదార్థము తయారగుటలో లోపము ఒక కారణమని 2006లో డండీ విశ్వవిద్యాలయము శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇటువంటి పిల్లల ఇండ్లలో ఉబ్బసము, తుమ్ములు కూడ తరచుగా కనబడును. ఇది అంటువ్యాధి కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లవానిని బడిలో వేరుగా కూర్చుండబెట్టుట అన్యాయము.

మరికొందరికి పుట్టుకతో లేకున్నను పని వలన వచ్చును. అద్దకపు తొట్టి దగ్గర నిలుచువానిని చూడుడు. నాఫ్తాలు రంగులకు కాస్టిక్ సోడా, వ్యాటు రంగులకు కాస్టిక్ సోడాతోపాటు హైడ్రోస్, రియాక్టివ్ రంగులకు చాకలి సోడా, తెలుపునకు బ్లీచింగ్ పొడి, పట్టు జిగురు తీయుటకు సబ్బు, సోడా. ఇవన్నియు చర్మపు గంజిని కరిగించునవే. దానికి తోడు రోజంతయు తడి. రంగు పోవలెనని సాయంకాలము అదే హైడ్రోసుతోనో, బ్లీచింగుతోనో, కిరసనాయిలుతోనో చేతులు తోముకొనుట అన్నిటికంటె చెరుపు. చేతుల రంగు నాలుగు రోజులలో తనంతట తానే పోవును. చర్మము పోయినచో నాలుగు నెలలైనను రాదు. కొబ్బరినూనె రుద్ది, మెత్తని సబ్బుతో కడిగినంత పోయినది చాలును.

పై చెప్పినది కొరుకుడు వలన వచ్చు ఎగ్జిమా. ఎవరి చేతినైనను తగినంతసేపు ముంచిన వచ్చును. ఇంకొకటి పడకపోవుట వలన వచ్చునది. కొన్ని రియాక్టివ్ రంగులు, నాఫ్తాలులు, బైక్రోమేటు, రబ్బరులోని మందులు కొందరికి పడవు. ఒకసారి పడకపోయినచో జన్మాంతము పడవు, చిటికెడు తగిలినను లేచును. బీడీలు చుట్టు అక్కచెల్లెండ్రకు పొగాకు దుమ్ము, తడి తునికాకు వ్రేళ్ళ కొనలను తినివేయుట షోలాపురములో ఇంటింట కనబడు సంగతి. గుంట మగ్గముమీద కాళ్ళు వ్రేలాడవేసి ఏండ్లకొలది కూర్చున్నవారిలో కాలినరములు ఉబ్బినవారికి చీలమండలపైన చర్మము నల్లబడి, దురదపెట్టి, చెమ్మ ఊరును. అదియు ఎగ్జిమాలో ఒక రకమే. దానికి మలాముకంటె కాలు ఎత్తుగా పెట్టి పండుకొనుట, గంటకొకసారి లేచి పది అడుగులు వేయుట, వైద్యుడు ఒప్పుకొన్న పిమ్మట పట్టీ కట్టుట ముఖ్యము. అది పుండు పడినచో ఆలస్యము చేయరాదు.

వైద్యమునకు వచ్చెదము. మొదటి మందు నూనె. నవ్వవలదు. పెద్ద దవాఖానలో చర్మవైద్యుడు చీటీమీద మొదట వ్రాయునదియు ఇదే, రోగి మొదట మరచునదియు ఇదే. తెల్ల పెట్రోలియం జెల్లీ గాని, కల్తీలేని కొబ్బరినూనె గాని చాలును. కొబ్బరినూనె ఎగ్జిమా పిల్లలకు మేలు చేసినదని ఫిలిప్పీన్సులో జరిగిన పరీక్ష 2014లో ప్రకటింపబడినది. ఆవనూనె మాత్రము వలదు, అది మండించును. బరంపురము వైపు పిల్లలకు దానితోనే మర్దనము చేయుదురు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది. ఎంత పూయవలెను? మనము చిటికెనవ్రేలితో అద్దుదుము. బ్రిటనులోని వైద్యులు ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్న బిడ్డకు వారమునకు 250 నుండి 500 గ్రాముల వరకు వ్రాయుదురు. అంత మనకు గిట్టదన్నను, రోజుకు రెండు మూడు సార్లు, చర్మము నిగనిగలాడునట్లు పూయవలెను. స్నానము గోరువెచ్చని నీట, పది నిమిషములకు మించకుండ. పుండున్న చోట సున్నిపిండితో రుద్దరాదు. గుడ్డతో అద్ది, తడి పూర్తిగా ఆరకముందే నూనె పెట్టవలెను. ఒక హెచ్చరిక. జెల్లీ, నూనె పీల్చుకొన్న బట్టలు త్వరగా అంటుకొనును. అవి కట్టుకొని పొయ్యి దగ్గరకు పోరాదు.

ఇక్కడ మనవారు ఒక ప్రశ్న వేయుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. నూనె చేతులతో పట్టుపోగు ముట్టుకొన్నచో మచ్చపడును, చీర తిరిగి వచ్చును, కూలి కోసికొందురు, అప్పుడేమి? దీనికి నేను కనుగొన్న మార్గమిది. మగ్గమెక్కుటకు అరగంట ముందు కొంచెము పూసికొని, ఇంకిన పిమ్మట పొడిగుడ్డతో తుడుచుకొనవలెను. మధ్యాహ్నము అన్నము వేళ మరల అట్లే. దండిగా పూయుట రాత్రికి ఉంచుకొని, పాత నూలు మేజోళ్ళు చేతులకు తొడిగికొని పండుకొనవలెను. కంచిలో పట్టు నేయు మా బంధువొకరు రెండేండ్లుగా ఇట్లు చేయుచున్నారు. ఒక్క చీరయు తిరిగి రాలేదు.

రెండవ మందు స్టెరాయిడు. ఇంతసేపు తిట్టి ఇప్పుడు పొగడుచున్నాడేమి అనవచ్చును. ఎగ్జిమాకు అది సరియైన మందే. తప్పు మందులో లేదు, గూటిలో ఉన్నది. దవాఖానలో ఒకవైపు దుకాణపు ట్యూబు ఏడాది పూసినవారిని చూచితిని, మరొకవైపు స్టెరాయిడు అను పేరు వినియే భయపడి బిడ్డను రాత్రులు గోకుకొననిచ్చు తల్లులను చూచితిని. రెండును బిడ్డకు చెరుపే. స్టెరాయిడులలో బలము వేరువేరు. 1 శాతము హైడ్రోకార్టిసోన్ మెత్తనిది, ముఖమునకు, చంటిపిల్లలకు వైద్యులు సాధారణముగా దీనినే ఇత్తురు. 0.1 శాతము బీటామెథసోన్ వాలరేట్ గట్టిది. 0.05 శాతము క్లోబెటసాల్ అన్నిటికంటె గట్టిది, అరచేయి వంటి మందపు చర్మమునకే తగును. మా ఇంటి గూటి ట్యూబులో ఉన్నది ఈ క్లోబెటసాలే. దానిని రెండేండ్లవాని మోచేతి మడతలో మూడు నెలలు పూసితిమి.

కొలత చూపుడువ్రేలితో. పెద్దవారి చూపుడువ్రేలి కొననుండి మొదటి గీత వరకు ట్యూబునుండి పిండిన మలాము సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత, వ్రేళ్ళతో కలిపి, చోటునకు సరిపోవును. రోజుకు ఒకసారి, వైద్యుడు చెప్పినచో రెండుసార్లు, ఎరుపు, గరుకు పోవువరకు, సాధారణముగా ఒకటి రెండు వారములు, పూసి ఆపవలెను. నూనెకు దీనికి నడుమ అరగంట వ్యవధి ఉండవలెను. స్టెరాయిడు ఆపినను నూనె ఆపరాదు. మాటిమాటికి తిరిగి వచ్చువారికి వైద్యులు వారమునకు రెండు రోజులు మాత్రమే పూయుమందురు, అది మంచి పద్ధతి. రెండు వారములలో తగ్గనిచో ఇంకా గట్టిది కొనరాదు, తిరిగి పోయి చూపవలెను. అది ఎగ్జిమాయే కాకపోవచ్చును. ఊరిలో సూదివేసి "ఒక్కరోజులో దురద బంద్" అనువారు వేయునది చాలవరకు స్టెరాయిడే. నాలుగు రోజులు స్వర్గము, తరువాత మొదటికంటె రెట్టింపు. పేరు లేని డబ్బాలో అమ్ము నాటు మలాములలోను అది కలిపిన సందర్భములు బయటపడినవి.

నాటు వైద్యమును గూర్చి ఒక్క మాట. పసుపు, వేపాకు ముద్ద మంచి చర్మముమీద ఏమి చేసినను, చిట్లిన చర్మముమీద మండించును. నల్లజీడి గింజ రసము మాత్రము ఎన్నటికిని ముట్టరాదు. చాకలివారు బట్టలమీద గుర్తులు పెట్టునది దానితోనే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన దేశములో దిగిన అమెరికా సైనికులకు మెడలమీద బొబ్బలు లేవగా, కారణము వెదకి చూచినచో చొక్కా కాలరుమీది చాకలి గుర్తు! ఒక చుక్క గుర్తునకే అంత జరిగినచో, దానిని పుండుమీద పూయువాని గతి చెప్పనేల?

పత్యము సంగతి. ఎగ్జిమా అనగానే వంకాయ, గోంగూర, చేప, గ్రుడ్డు, పాలు అన్నియు మాన్పింతురు. బిడ్డ ఎండిపోవును, ఎగ్జిమా అట్లే ఉండును. ఏదైన తిన్న కొద్దిసేపటిలో పెదవులు వాచుట, ఒళ్ళు దద్దురులెక్కుట, వాంతియగుట చూచినచో దానిని ఆపి వైద్యునికి చెప్పవలెను. అంతే గాని ఊరక మాన్పింపరాదు. తల్లిపాలు ఏ కారణము చేతను ఆపరాదు.

ఎప్పుడు పరుగెత్తవలెను? తేనె రంగు పెచ్చుకట్టి చీము కారినపుడు, జ్వరము వచ్చినపుడు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు హఠాత్తుగా ఒకే తీరు చిన్న చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి, నొప్పిపెట్టి, జ్వరము తగిలినచో అది మరొక క్రిమి సోకినట్లు, ఆ రోజే పెద్ద దవాఖానకు చేర్చవలెను. దీనికి పూర్తిగా విరుద్ధమైన గుర్తొకటి కూడ జ్ఞాపకముంచుకొనుడు. దురద లేక, పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ ఉండి, అక్కడ గిల్లినను తెలియనిచో మలాము పూయుచు కూర్చుండరాదు. అది కుష్ఠు కావచ్చును. దాని మందు ప్రభుత్వ దవాఖానలలో ఉచితము, వేళకు తిన్నచో పూర్తిగా నయమగును, వ్రేళ్ళు దక్కును.

దవాఖాన అనగానే మనవారు మగ్గము దిగవలెను, ఒకరోజు కూలి పోవునని వెనుదీయుదురు. దగ్గరలోని ఉపకేంద్రములు చాల చోట్ల ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములను పేరుతో ఉన్నవి. అక్కడినుండి ఈ-సంజీవని అను ఫోను వైద్యము ద్వారా దూరమున ఉన్న వైద్యునికి చూపించు వీలున్నది. చర్మవ్యాధికి ఇది బాగుగా పనికివచ్చును, ఏలయనగా వైద్యుడు చూడవలసినది ఎక్కువగా కంటితోనే. పగటి వెలుతురులో తీసిన ఫొటో, ఒకటి దూరమునుండి, ఒకటి దగ్గరనుండి, చూపవలెను. బీటామెథసోన్, పెర్మెత్రిన్ రెండును ఆవశ్యక ఔషధముల జాబితాలోనివి. దవాఖానలో లేకున్నచో జన ఔషధి దుకాణమున చౌకగా దొరకును. పోవునపుడు గూటిలోని ట్యూబు వెంట తీసికొని పోవుట మరువరాదు. సిగ్గుపడి దాచినచో వైద్యుడు చీకటిలో బాణము వేయవలసి వచ్చును.

చిన్నవాని సంగతి చెప్పి ముగించుటకు ముందు తమ్ముని సంగతి మిగిలియున్నది. చిన్నవానికి మెత్తని మలాము పదిరోజులు, జెల్లీ ప్రతిదినము. చర్మము మెల్లగా తిరిగి మందమైనది, రాత్రి నిద్రపోవుచున్నాడు. చలికాలము రాగానే కొంచెము లేచును, అణగును. మరదలి తామరకు మూడు నెలలు పట్టినది. గజ్జి రెండు రాత్రులలో ఇల్లు విడిచినది. తమ్ముడు మాత్రము సరిగా మందు పూసినను, చేతులకు పొడవాటి రబ్బరు తొడుగులు వేసికొన్నను తేరుకొనలేదు. రంగులపని మానవలసిన స్థితి వచ్చినది. అద్దకపు కూలికిని చిలపలు ఆరవేయు కూలికిని ఎంత తేడాయో మీకు నేను చెప్పనక్కరలేదు. చివరకు వైద్యకళాశాల చర్మవిభాగమునకు పంపినారు. అక్కడ వీపుమీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులుంచి తీసి, తరువాత మరి రెండు రోజులకు తిరిగి చూచిరి. వానికి పడనిది రంగు కాదు. తొడుగుల రబ్బరు!

ఇప్పుడు వాడు పీవీసీ తొడుగులు వాడుచున్నాడు. లోపల చెమట పట్టి నానకుండ నూలు తొడుగులు. లోపలివి తడిసినచో వెంటనే మార్చవలెను, తడి తొడుగు ఉండుటకంటె లేకుండుట నయము. రంగుపొడి ఎగురకుండ ముందు కొంచెము నీటితో ముద్దచేసి తొట్టిలో కలుపుచున్నాడు. నూలు తొడుగులను మరదలే పాత బనియను గుడ్డతో కుట్టుచున్నది. వారమునకు ఆరు జతలు కావలసి వచ్చుచున్నవి.